మెట్ల కింద బల్ల

సోమవారం, మధ్యాహ్నం

ప్రాణంలో ప్రాణమైన అక్కకు,

ఇందుమూలముగా సమస్త ప్రజానీకానికీ, ముఖ్యంగా నాలుగు ఉత్తరాలకు ఒక జవాబు రాసే టీచరమ్మలకూ తెలియజేయడమేమనగా: కోర్టు భవనంలో మెట్ల కింద వెలసిన ఆదివాసీ బాధిత కుటుంబాల సహాయ కేంద్రం వారి ఏకైక కుర్చీ, నాలుగో కాలు కోల్పోయి, నేటి ఉదయం పదకొండు గంటలకు పదవీ విరమణ చేసినది. దాని స్థానంలో ఖాళీ నూనె డబ్బా ఒకటి తాత్కాలిక బాధ్యతలు స్వీకరించినది. ఆ సమయమున కుర్చీలో ఉన్న నేను నేలను తాకిన చప్పుడుకు పై అంతస్తులో వాదన ఆగిపోయినది. ఈ కోర్టులో మన కొండ మనిషి చేసిన చప్పుడు పైదాకా వినిపించడం ఇదే ప్రథమము.

నవ్వావు కదా. సరే, ఇక నవ్వు కట్టిపెట్టి చదువు.

నేనేం పని చేస్తానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. బోర్డు మీద ‘సమన్వయకర్త’ అని ఉంటుంది. ఎనిమిదో తరగతి తప్పినదాన్ని, ఆ మాట తడబడకుండా పలకడానికే నాకు వారం పట్టింది. కొండ మీద ఎవరినైనా చంపితే ఆ ఇంటివాళ్ళు ఏడుస్తూ కిందికి దిగుతారు. స్టేషన్‌లో ఆస్పత్రికి పొమ్మంటారు. ఆస్పత్రిలో కాగితం స్టేషన్‌కే పంపామంటారు. వకీలు రెండూ పట్టుకు రమ్మంటాడు. పట్టుకొచ్చేసరికి వకీలు మారిపోయి ఉంటాడు. వీళ్ళందరి గుమ్మాల్లోనూ నిలబడి, ఒకడి మాట ఇంకొకడికి చేరేదాకా వాళ్ళ ప్రాణం తీయడం నా ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ జనం ప్రాణాలు తీస్తున్నదాన్నే కనుక బాగానే చేస్తున్నాను.

పోయిన ఏడు ఒక పెద్దమ్మ వచ్చింది. మన ఊరికి పైన, రాతి క్వారీ పక్క ఊరు. ఆమె పెద్దకూతురు నీళ్ళు తెచ్చుకుంటుంటే క్వారీ మేస్త్రీ దారి అడ్డగించాడు. పిల్ల నోరు చేసుకుంది. గడ్డపారతో కొట్టి చంపాడు. చూసినవాళ్ళు ఆరుగురు. ఇప్పుడు వాడు, కేసు తేలేదాకా నన్ను బయట ఉండనివ్వండి అని అర్జీ పెట్టుకున్నాడు. విడిచే ముందు చచ్చిన పిల్ల ఇంటివాళ్ళ మాట వినాలి. అది చట్టం. వాళ్ళు మూడు పిలుపులకూ రాకపోతే, అభ్యంతరం లేదని రాసుకుని విడిచేస్తారు. అదీ చట్టమే. ఇప్పటికే రెండుసార్లు ‘కుటుంబం రాలేదు’ అని రాసేశారు.

ఎందుకు రాలేదో విను. మొదటిసారి నోటీసు మీద ఇంటి నంబరు లేదని పోస్టాఫీసు తిప్పి పంపింది. కొండ మీద ఇళ్ళకి నంబర్లేమిటే. ఆ మాట నశ్యం గుమస్తాతో అంటే, “నంబరు లేని ఇల్లు ఇల్లెలా అవుతుందమ్మా” అన్నాడు. ఈయన కోర్టు గుమస్తా, ముక్కులో నశ్యం లేనిదే కలం కదలదు. ఆ మధ్యాహ్నం ఆయన డబ్బాలో మిరియాల పొడి కలిసిందట, సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉన్నాడు. పాపం, ఎలా కలిసిందో. మర్నాడు నేను సున్నం బకెట్టు పట్టుకుని ఆ ఊరెక్కి ఇళ్ళన్నిటికీ నంబర్లు వేసి వచ్చాను. ఉన్నవి ఏడిళ్ళు. మూడువందల పదకొండు నుంచి మొదలుపెట్టాను, కాస్త గొప్పగా ఉంటుందని.

రెండోసారి నోటీసు అందింది. తేదీ చదవలేనివాళ్ళకి నేను ముడుల తాడు ఇస్తాను. ఎన్ని రోజులుంటే అన్ని ముడులు. రోజూ పొద్దున్నే ఒకటి విప్పాలి, ఒక్క ముడి మిగిలిన రోజు బయల్దేరాలి. పెద్దమ్మ ఒక్క రోజు తప్పకుండా విప్పుకుని, ఎనిమిది గంటలు నడిచి వచ్చింది. ఈలోగా వాళ్ళు వాయిదాని రెండు రోజులు ముందుకు జరిపి, ఆ సంగతి రెండో అంతస్తు గోడ మీద కాగితం అంటించి ఊరుకున్నారు. నాకూ చెప్పలేదు. తాడుకేం తెలుస్తుంది అక్కా. ఆమె వచ్చేసరికి ‘రాలేదు’ అని రాసిన సిరా కూడా ఆరిపోయింది.

మూడో పిలుపు వచ్చే నెల తొమ్మిదిన. ఇప్పుడు కొత్త ముడి. పెద్దమ్మకి మన కొండ భాష తప్ప రాదు. కోర్టు లిస్టులో ఉన్న అనువాదకుడిది అవతలి కొండ, వాడికి మన భాషలో తిట్లు తప్ప రావు, అవీ నేను నేర్పినవే. నేను చెబుతానంటే, బాధితుల తరఫు మనిషివి పనికిరావన్నారు. సర్కారు ఉద్యోగంలో ఉండి, మన భాష తెలిసి, చదువుకున్న మనిషి కావాలట. అలాంటి మనిషి ఈ భూమ్మీద నాకు తెలిసి ఒక్కతే ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆ భాష నోట పట్టకుండా కూర్చుంది.

రావే.

నీ కోతి చెల్లెలు


శుక్రవారం

బంగారు అక్కకు,

నీ జవాబు అందింది. మూడే ముక్కలు. “ఆ కోర్టు గడప నేను తొక్కను. అన్న కోసం నాన్నే తొక్కలేదు. నన్ను అడగొద్దు.” అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి, పిల్లలకి కాపీకి ఇవ్వొచ్చు.

కోపం వచ్చింది. నీ మీద కాదు, అబద్ధమెందుకు, నీ మీదే. కలప డిపో వాళ్ళు అన్నని కొట్టి చంపినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. నేను ఇంట్లో ఉన్నాను. కేసు కొట్టేసిన రోజు నువ్వు వచ్చి, కాగితం నాన్న ముందు పెట్టి చదివావు: “కుటుంబం నుంచి ఎవరూ రాలేదు.” “ఎందుకు పోలేదు నాన్నా?” అని అడిగావు. “పోలేదు” అన్నాడు. నువ్వు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయావు. అప్పటి నుంచి ఆయన ముందు కూర్చుని గంజి తాగినది నేను. నువ్వు పంపిన ఫొటోలు ఆయన చూసి, నాకు తెలియకుండా బియ్యం డబ్బాలో దాచుకుంటే, నాకు తెలియనట్టు వండినది నేను.

ఇప్పుడు చెప్పేది నిలబడి చదువుతుంటే కూర్చో.

నిన్న పాత రికార్డుల గదిలోకి పోయాను. ఆ గది తాళం మనిషి నా చేతి పకోడీలకి లొంగిపోయే రకం. అన్న కేసు కట్ట దొరికింది. అందులో పసుపుపచ్చ కవరు ఒకటి, మూల ఎలుక కొరికిన గాటు. మీద నాన్న పేరు, మన ఊరి పేరు. వెనక ఎర్రసిరాతో ‘ఇంటి నంబరు లేనందున తిప్పి పంపడమైనది’ అని, దాని మీద గుండ్రటి ముద్ర. విప్పను కూడా లేదు అక్కా, అంటించింది అంటించినట్టే ఉంది. నాన్నకి ఆ పిలుపు రానేలేదు. రాని పిలుపుకి ఆయనెలా పోతాడు? బయటికి తెస్తానంటే తాళం మనిషి ఒప్పుకోలేదు. నా కళ్ళతో చూశాను, చాలదా.

ఇరవై రెండేళ్ళ కింద నాన్నకి చేసిందే ఇప్పుడు పెద్దమ్మకి చేస్తున్నారు. అదే కవరు, అదే సిరా, అదే ‘రాలేదు’. మాట మార్చే ఓపిక కూడా లేదు వీళ్ళకి. చంపినవాడు గడ్డపారతో చంపాడు. వీళ్ళు ఒక్క మాటతో ఇంకోసారి చంపుతున్నారు, అదీ పది నుంచి ఐదు వరకూ, మధ్యలో గంట భోజనానికి.

పెద్దమ్మకి తాడు ఇచ్చేశాను. పంతొమ్మిది ముడులు. నీకూ ఒకటి ఇందులో పెట్టాను. నీకు తేదీ చదవడం వచ్చని తెలుసు. అయినా విప్పు.

నీ చెల్లెలు, నూనె డబ్బా మీద నుంచి


బుధవారం, ఉదయం

నా తల్లిలాంటి అక్కకు,

నువ్వు ఆ తొమ్మిదో తారీకు సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయావు. నువ్వు జడ్జమ్మ వైపు తిరిగి ఉన్నావు కాబట్టి చూడనివి కొన్ని ఉన్నాయి, చెబుతాను.

నువ్వు మొదటి మాట మన భాషలో, “చెప్పు పెద్దమ్మా, భయం లేదు” అన్నప్పుడు పెద్దమ్మ నన్ను చూసి నవ్వింది. ఎందుకంటే నువ్వు మాట్లాడినది ఇప్పటి మాట కాదు, మన నాయనమ్మ మాట్లాడే మాట. ఇరవై రెండేళ్ళు పెట్టెలో పెట్టి తీసినట్టు మడత నలగకుండా ఉంది.

ఆమె చెప్పినవి నువ్వే చెప్పావు కనుక మళ్ళీ రాయక్కర్లేదు. కానీ ఒక్కటి రాస్తాను, రాయకపోతే నాకు అన్నం సహించదు. “వాడు బయటికొస్తే మా నీళ్ళ దారి వాడి క్వారీ ముందు నుంచే. నా చిన్నపిల్ల రోజూ ఆ దారినే బిందెతో పోవాలి. దానికి వేరే దారి మీరు వేస్తారా?” ఆ మాట నువ్వు అనువాదం చేస్తుంటే వాడి వకీలు కాగితాల్లో ఏదో వెతుక్కున్నాడు. అందులో లేదులే ఆ దారి. తరవాత ఆమె కొంగులోంచి తాడు తీసి బల్ల మీద పెట్టింది, ముడి ఒక్కటి లేకుండా. “నేను రాలేదని రెండుసార్లు రాశారట. రోజుకొకటి విప్పుకుంటూ వచ్చాను. రాలేదన్న మాట ఎవరు రాశారో నాకు చూపించండి.”

నువ్వు చూడనిది ఇదే. నశ్యం గుమస్తా డబ్బా మూత తీసి, పీల్చకుండా మూసేశాడు. నేను మిరియాలు కలపలేదు ఆ రోజు, ఒట్టు.

అర్జీ కొట్టేసి, ఆ రెండు ‘రాలేదు’లూ కొట్టేసి, నోటీసు చేర్చలేకపోయామని రాయించింది జడ్జమ్మ. ఇక మీద వాయిదా జరిపితే ముందు మెట్ల కింద బల్లకి చెప్పాలంది. నిన్న బంట్రోతు దిగి వచ్చి చెప్పాడు కూడా, నన్నేదో కరిచే జంతువుని చూసినట్టు చూస్తూ. పెద్దమ్మ కొత్త తాడు అడిగి తీసుకుంది. అసలు విచారణకి ఇంకా నలభై ముడులు.

ఇక నీ ఉత్తరం. ఆదివారం నాన్న దగ్గరికి వస్తానన్నావు. కాళ్ళ మీద పడి, తిరిగిపోయిన కవరు సంగతి చెప్పి, క్షమించమంటానన్నావు. నాలుగుసార్లు చదివాను. సంతోషంతో రెండుసార్లు, భయంతో రెండుసార్లు. రా, తప్పకుండా రా. కానీ ఆయన దగ్గర కవరు మాట ఎత్తకు. నీతో అన్న ఆ ఒక్క ‘పోలేదు’ తప్ప నాన్న అబద్ధం ఆడడు. నోటీసు అందిందనే చెబుతాడు.

అందింది అక్కా. కలప లారీ డ్రైవరు చేత చదివించుకున్నాడు. చెప్పిన రోజున తెల్లవారక ముందే బయల్దేరి (పనికి పోయాడనుకున్నాను నేను), పది గంటలకి కోర్టు గేటు దగ్గర ఉన్నాడు. గేటు మనిషికి కాగితం చూపిస్తే, “పిలుస్తారు, అక్కడ కూర్చో” అని మెట్ల కింద చూపించాడు. కూర్చున్నాడు. పేరు పిలిచింది రెండో అంతస్తులో. కిందికి ఏం వినిపిస్తుంది? మంచినీళ్ళకి కూడా లేవలేదట, లేచినప్పుడు పిలుస్తారేమోనని. సాయంత్రం ఊడ్చే ఆవిడ వచ్చి, “అందరూ వెళ్ళిపోయారు తాతా, నువ్వేంటి ఇక్కడ” అన్నాక లేచాడు. అప్పటికి ఆయనకి నలభై ఆరేళ్ళు. పైన ‘రాలేదు’ అని రాసేముందు మెట్ల మీద నుంచి కిందికి తొంగి చూసినవాడు ఒక్కడు లేడు. ఒక్కడు. పన్నెండు మెట్లు దిగితే కనిపించేవాడు మన నాన్న.

ఇది నాకు ఈ ఉద్యోగం వచ్చిన రోజున చెప్పాడు. నాకిచ్చిన బల్ల ఎక్కడుందో చెప్పగానే, తింటున్న చెయ్యి ఆపేశాడు. “అక్కడ గోడకి చెమ్మ ఉంటుంది. ఆనుకోకు” అన్నాడు. నీకెలా తెలుసు నాన్నా అంటే, అప్పుడు చెప్పాడు. మరి అక్కకి ఎందుకు చెప్పలేదని అరిచాను. “పోలేదంటే కోపగిస్తుంది. పోయి కూడా గది కనుక్కోలేకపోయానంటే జాలిపడుతుంది. చదువుకున్న పిల్ల నా మీద జాలిపడటం నాకొద్దు. నువ్వూ చెప్పొద్దు” అన్నాడు.

పైన పెద్ద గదులు ఇస్తామన్నా నేను ఈ మెట్ల కిందే ఎందుకు కూర్చుంటున్నానో ఇప్పుడు తెలిసిందా? నంబరు తెలియనివాళ్ళు వచ్చి చేరేది ఇక్కడికే.

నాన్న మాట ఇన్నాళ్ళూ దాటలేదు. ఇవాళ దాటాను. ఆ గుట్టు విప్పడానికి మనసొప్పకే నీకు వేరే దారి వెతికాను. విప్పినా నువ్వు నమ్మేదానివి కాదు, కోతి ఇంకో కథ అల్లిందనేదానివి. చదువుకున్నవాళ్ళకి మనిషి కూర్చున్నాడంటే నమ్మకం కుదరదు, ముద్ర ఉందంటే కుదురుతుంది. అందుకే ముద్ర వేశాను. కోపం వస్తే ఆదివారం వచ్చి నా చెవి మెలిపెట్టు. నాన్న ముందు మాత్రం జాలి మొహం పెట్టకు. ఊరికే కూర్చుని గంజి తాగు.

రికార్డుల గదిలోకి నేను పోనేలేదు. పకోడీలు నాకు వండటమే రాదు. ఆ పసుపుపచ్చ కవరు, ఎలుక గాటుతో సహా, నేను కల్పించిందే.

నీ అబద్ధాల చెల్లెలు