సుద్దముక్కతో వెల్డింగు

ఒరే అప్పన్నా,

నువ్వు కన్నుమూసి ఇవాళ్టికి ఏడాది. ట్రేడు స్కూల్లో మనం కరెంటు లేక, వెల్డింగు హోల్డర్లో సుద్దముక్క బిగించుకుని ఇనప రేకుల మీద అతుకులు గీసేవాళ్ళం, గుర్తుందా? "ఈ సయాకి వెల్డింగు వొచ్చంటావేట్రా?" అని మన మేష్టారి గురించి నా చెవిలో గొణిగేవాడివి.

నువ్వు తన్లిన్ రేవుకి వెళ్ళి, ఓడల పని చేస్తూ అసలు వెల్డింగు నేర్చుకున్నావు. నన్ను సర్కారు అదే గదిలో సయాగా వేసింది. రాజీనామా ఇస్తే తీసుకోరు. నా చేతికి ఇప్పటికీ సుద్దముక్కే తెలుసు.

ఇవాళ గురువులకు మొక్కే రోజు. పిల్లలంతా మోకాళ్ళ మీద వంగి దణ్ణాలు పెట్టారు. లేచాక ఖిన్ అనే అమ్మాయి చేతులు కట్టుకుని, "సయా, ఒక్క అతుకు మీరే వేసి చూపించండి" అంది. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. అందరూ నావైపే చూశారు. అది నీ చూపేరా, వెంటనే గుర్తుపట్టాను.

హోల్డర్లో అసలు రాడ్డు బిగించాను. ముసుగు మొహానికి అడ్డం పెట్టుకుని, కరెంటు పోవాలని దేవుడికి మొక్కుకున్నాను.

పోలేదు.