ఇద్దరినీ విడదీయరాదు

3 మార్చి 1999, గుంతకల్లు

నిన్న పార్వతి పోయింది. ఉదయం ఏడింటికి రెండు చెంచాల రాగిజావ తాగింది. తొమ్మిదింటికి డాక్టరు వచ్చి చూసి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు. పదకొండుకు కిటికీ తెరవమంది. తెరిచాను. ఎండ కొడుతోందని మళ్ళీ మూయమంది. మధ్యాహ్నమంతా నిద్ర. మూడింటికి కళ్ళు తెరిచింది. "మామ భూమి కాగితాలు ఏం చేసినావు?" మామ అంటే మా నాయన. ఇంకా ఏమీ చేయలేదన్నాను. "అత్తను, మామను ఇద్దర్నీ ఒక్కచోటే ఉండనీ." అంతే, ఇక మాటలు లేవు. నాలుగుంబావుకు చెయ్యి చల్లబడింది.

ఇరవై ఆరేళ్ళ కాపురం.

సాయంత్రం రైలు కూతలు, డ్యూటీలు మారే వేళ... ఎప్పటిలాగే.

15 మార్చి

కర్మలు అయిపోయాయి. నాయనను, అమ్మను తమ్ముడు రామాంజి ఊరికి తీసుకుపోయాడు. పామిడి దాకా బస్సు, అక్కణ్ణుంచి ఎద్దులబండి. నాయనకు ఎనభై రెండు, చూపు మసక. అమ్మకు డెబ్బై ఆరు, చెవులు దాదాపు పోయాయి. బస్సు వస్తోందని నాయన విని చెప్పాడు. మెట్టు ఎక్కడుందో అమ్మ చూసి చెప్పింది.

పార్వతి భయం నాకు తెలుసు. వాళ్ళ అన్నదమ్ములు భూమి పంచుకున్న రోజే తల్లిదండ్రులనూ పంచుకున్నారు. తండ్రి సోమందేపల్లెలో పెద్దకొడుకు దగ్గర, తల్లి ధర్మవరంలో చిన్నకొడుకు దగ్గర. ఆయన పోయినప్పుడు ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది. పార్వతి ఆ మాట ఎత్తినప్పుడల్లా నేను పేపరు చదువుతూ ఉండేవాణ్ణి.

16 మార్చి

ఆఫీసు. ఎవరూ ఏమీ అడగలేదు. మంచిదే.

28 మార్చి

ఊరికి పోయాను. ఓబుళేసు మామ వచ్చాడు. అమ్మకు తమ్ముడు, మా ఇంట్లో ఏ పంచాయితీకైనా చివరి మాట ఆయనదే. నులకమంచం మీద కూర్చుని, నీళ్ళు తాగి, తీర్పు చెప్పేశాడు. పదహారెకరాలు, చెరి ఎనిమిది. నాయన రామాంజి దగ్గర, అమ్మ నా దగ్గర.

"నీకు వండిపెట్టే దిక్కు లేదు కదప్పా. మా అక్క వస్తే ఇంత సంగటన్నా కెలికి పెడతాది."

ఎవరూ తప్పనుకోలేదు. ఊళ్ళో సగం ఇండ్లలో ఇదే పద్ధతి. నాయన తలూపాడు. అమ్మకు వినబడలేదు. ఒక్కొక్కరి మొహమే చూస్తూ కూర్చుంది.

కుదరదన్నాను.

"పెండ్లాం పాయ, పిల్లల్లేరు. నీకెందుకు అల్లుడా అంత పట్టుదల?"

చెప్పులు తొడుక్కున్నాను. బస్సుకు టైమయింది.

10 ఏప్రిల్, అనంతపురం

రంగనాథ్ దగ్గరికి. బి.కాం.లో ఒకే బెంచీ, ఇప్పుడు పెద్ద వకీలు. వీలునామా ఒక్కటే చాలదట. నాయన పోయాక అది అన్నదమ్ములకు చదువుకోవడానికి పనికొస్తుంది, అమ్మకు అన్నం పెట్టదు. ఆయన చెప్పిన దారి ఇది — పన్నెండెకరాలు మేమిద్దరం పంచుకోవడం. బోరున్న నాలుగెకరాలు మాత్రం కుటుంబ ట్రస్టులో పెట్టడం. దాని పంట నాయన, అమ్మల తిండికి, మందులకు. చూసుకునే బాధ్యత కొడుకులిద్దరిదీ. అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు. వాళ్ళ తర్వాత రామాంజి పిల్లలకు.

"మన జిల్లాలో ఇట్ల ఎవరు రాయించుకుంటారప్పా? కొట్లాడుకోని కోర్టుకొస్తారు, అంతే."

ఇంకో వాక్యం రాయమన్నాను. ఇద్దరినీ విడదీయరాదు, ఉంటే ఒకే ఇంట్లో ఉండాలి.

నవ్వాడు. విడదీస్తే ఏం చేస్తారన్నాడు.

విడదీసినవాడికి బోరు చేను దున్నే హక్కు పోవాలన్నాను.

నవ్వడం మానేసి రాసుకున్నాడు.

18 ఏప్రిల్, ఊరు

నాయనకు చెప్పాను.

"ట్రస్టంటే దేవునికి రాసిచ్చేది కదరా?"

కాదు నాయనా, నీకు నువ్వే రాసిచ్చుకునేది అన్నాను. చాలాసేపు ఆలోచించాడు. "అంటే నాకు నేనే మాన్యం ఇచ్చుకునేదా" అని నవ్వాడు. నోట్లో మూడు పళ్ళు. మార్చి తర్వాత మా ఇంట్లో మొదటి నవ్వు.

రామాంజి నవ్వలేదు. "బోరు నా చెమటన్నా. మూడు బోర్లు ఎండిపోయినప్పుడు నువ్వు యాడుంటివి? గుంతకల్లులో ఫ్యాను కింద."

నిజమే. కానీ వాడు సంతకం పెట్టకపోతే ఈ కాగితం లేదు. కాగితం లేకపోతే ఓబుళేసు మామ తీర్పే. మామ అప్పుడే అమ్మ బట్టలు మూట కట్టించమన్నాడట.

19 ఏప్రిల్

చట్టం వివరిస్తూ రామాంజికి నాలుగు పేజీల జాబు రాశాను.

1 మే

జవాబు లేదు.

2 మే, ఊరు

సంతకం సంగతి తర్వాత, ముందు భాగాలు కోయనీ అన్నాను. రామాంజి కాదనలేదు. పెద్దోడు కోయాలి, చిన్నోడు ముందు తనకు కావలసింది ఎత్తుకోవాలి. మా వైపు ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. వంకర కోత కోస్తే వంకర ముక్క నాకే మిగులుతుంది.

టేపు తీసుకుపోయాను. ఆరూ ఆరూ అని లెక్క వేసుకున్నాను. పొద్దెక్కకముందే నాయనను చేనికి నడిపించాను. గట్టు దగ్గర చెప్పులు విడిచాడు. నా భుజం పట్టుకుని పన్నెండెకరాలూ కాళ్ళతోనే చూశాడు.

"ఈడ సుద్ద... ఈడ పలుగురాళ్ళు... ఈడ తడి రెండు దినాలు ఎక్కువ నిలుస్తాది."

టేపు చుట్టేయమన్నాడు. "మీరు పంచుకునేది ఎకరాలు కాదురా, పంట."

పడమట ఏడు, తూర్పున ఐదు. మధ్యలో మూడు రాళ్ళు పాతాం. ఏది మిగిలినా నాకు సంతోషమే. అంత బాగా కోశాం! ఇంటికి వచ్చేదాకా నాయన నడకలో వయసు కనబడలేదు.

16 మే, ఊరు

పాడు చేశాను.

ముసాయిదా చదివి వినిపించడానికి రంగనాథ్ అంత దూరం వచ్చాడు. మామ, రామాంజి, నాయన, అమ్మ అందరూ పంచలో. అమ్మకు వినబడాలి, గట్టిగా చదవమని చెప్పింది నేనే. కోర్టు గొంతు తీశాడు. వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

"నా మరణానంతరం సదరు చేను..."

అమ్మ లేచి నిలబడింది. అంత చదువులో ఆమెకు స్పష్టంగా వినబడింది ఆ ఒక్క మాటే.

"నా నుదుట కుంకుమ ఉండంగానే, నా ముందర ఆ మాట చదువుతారా?"

లోపలికి పోయి తలుపు గడియ వేసుకుంది. అరుగు కింద పదిమంది చేరారు. రంగనాథ్ కాగితాలు సర్దుకున్నాడు. మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

రామాంజి నా వైపు చూశాడు. "అయిపాయనా అన్నా నీ చట్టం?"

మామూలు దస్తావేజు మాట. నేనే వందసార్లు ఫైళ్ళలో రాసి ఉంటాను. కానీ పార్వతి పోయి రెండున్నర నెలలే... ఈ ఇంట్లో ఆ మాట బరువు తెలియాల్సింది నాకే.

17 మే, ఊరు

సెలవు పెట్టాను. అమ్మ తలుపు తీయలేదు. రాత్రి నుంచి ఏమీ తినలేదు. ఆమె తినలేదని నాయనా తినలేదు.

పదింటికి గడప దగ్గర కూర్చున్నాను. చెబితే చెప్పాల్సింది ఒక్కటే ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అది నాదనుకున్నాను. నెమ్మదిగా మొదలుపెట్టాను. లోపల చప్పుడు లేదు. గొంతు పెంచాను. ఇంకా పెంచాను. చివరికి అరిచాను... పార్వతి చివరి మాట ఇదమ్మా, మిమ్మల్నిద్దర్నీ ఒక్కచోటే ఉండనీ అనింది, ఇంకేమీ అనలేదు.

అట్లా అరిచి చెప్పే మాట కాదు అది. వాకిట్లో బండికి పేడ ఎత్తుతున్న రామాంజి గంప దించేశాడు.

గడియ తీసిన చప్పుడు.

"కోడలు అనిందా?" అమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "అయితే ఆ పాడుమాట తీసేసి రాయించు. సంగటి తిందురా."

రామాంజి చేతులు కడుక్కుని వచ్చి గడప ఇవతల కూర్చున్నాడు. 

"నాలుగో బోరుకు లారీవాళ్ళు గొట్టాలు పీకబోతాంటే, ఇంకో ఇరవై అడుగులు దించండప్పా అనింది వదినే. నేను వద్దంటి. నీళ్ళు ఆడే పడినాయి." తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "ఇది వదిన మాటని ముందే చెప్పింటే, నేను ఇన్ని దినాలు కొట్లాడుదునా?"

చెప్పలేదు. నాలుగు పేజీల చట్టం చెప్పాను.

నలుగురం తిన్నాం. నాయనకు అమ్మే కలిపి పెట్టింది. సంగటి, ఊరుబిండి పచ్చడి. రెండు నెలల తర్వాత నాకు కారం తెలిసింది.

24 మే, అనంతపురం

రంగనాథ్ కాగితంలో ఆ మాట మార్చాడు. "మా ఇద్దరి కాలం దాటిన తర్వాత." కోర్టులో నిలుస్తుందా అన్నాను. హద్దురాళ్ళలా నిలుస్తుందన్నాడు.

ట్రస్టుకు పేరు కావాలట. రామాంజిని అడిగి చెబుతానన్నాను. అడగనక్కరలేదట. వాడు పొద్దునే పామిడి నుంచి ఫోను చేశాడట, వదిన పేరు పెట్టమని.

30 మే, ఊరు

అమ్మకు మళ్ళీ చదివి వినిపించాం. ఈసారి నాయనే, ఆమె చెవి దగ్గర, ఒక్కొక్క మాట నేను అందిస్తుంటే. "ఇద్దరిదీ కలిపే రాసినారు కదా? సరే" అంది.

10 జూన్

ఈ రోజు మొత్తం రాసుకోవాలి.

పొద్దున చేనిలో రామాంజి రాళ్ళ మధ్య నిలబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

"తూర్పుది ఎత్తుకుంటే నీకు నొప్పి లేదు కదన్నా?"

రెండూ నేనే కోశాను, ఏదైనా ఎత్తుకో అన్నాను. తూర్పుది ఎత్తుకున్నాడు. నాయన నేల తడిమి, మట్టి చిటికెడు తీసి ఇద్దరి చేతుల్లో పెట్టాడు.

పదకొండుకు రిజిస్ట్రారు ఆఫీసు. నాయన సంతకం చేశాడు. ఒక్కో అక్షరం వేరుసెనగ బుడ్డల గింజంత. గీత దాటకుండా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని చోటు చూపింది. పేరు పిలిచినప్పుడు ఆయన ఆమె భుజం తట్టాడు. ఆమె వేలిముద్ర వేసింది. రామాంజి. నేను. సాక్షి ఓబుళేసు మామ, అక్క సరేనంది కదాని ఆయనా సరేనన్నాడు.

ఆఫీసరు కాగితం చదువుతూ ఒకచోట ఆగాడు. కళ్ళద్దాల పైనుంచి మమ్మల్ని చూశాడు. "ఇదేందప్పా, ఇద్దరినీ విడదీయరాదా? నా సర్వీసులో ఇట్లాంటిది చూడలే."

నేను నోరు తెరిచేలోపు మామ అందుకున్నాడు. "మా ఇంట్లో అంతే సార్. మొదటినుంచీ ఇదే పద్ధతి."

రామాంజి నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నేనూ పోయాను. ఆఫీసు గోడకు ఆనుకుని అన్నదమ్ములిద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఎన్నేళ్ళయింది...

హోటల్లో భోజనం. అమ్మ వేలి సిరా కడుక్కోనంది. ఎడమచేయి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ తింది. మామ రెండుసార్లు పెరుగు వేయించుకున్నాడు.

గెలిచాం. పార్వతీ, గెలిచాం.

27 జూన్, ఊరు

నిన్న వాన, మంచి పదును. రామాంజి బోరు చేనిలో విత్తడానికి గొర్రు కట్టాడు. నాయన గట్టు మీద కూర్చుని గొర్రు చప్పుడు వింటూ, సాలు వంకర పోతోందని కేకేశాడు. అమ్మ చూసి, లేదు, నేరుగానే పోతోందని చెప్పింది. వాదన మధ్యాహ్నం దాకా సాగింది.

4 జూలై, ఊరు

మొలకలు వచ్చాయి. వరసలు కనబడుతున్నాయి. మోటారు గొట్టం దగ్గర అమ్మ కాళ్ళు కడుక్కుంటూ అడిగింది.

"అందరి కాగితాలూ రాయిస్తివి. నీది ఎవరు రాస్తారు నాయనా?"

నాకేముందమ్మా రాయడానికి అన్నాను. ఆమెకు వినబడలేదు. మళ్ళీ అనలేదు.

5 జూలై, గుంతకల్లు

ఆఫీసులో నా సర్వీసు ఫైలు తీయించాను. పీ.ఎఫ్. నామినేషన్ ఫారం. పసుపు పట్టిన కాగితం, నా చేతిరాతే, పెళ్ళయిన ఏడాది రాసింది. నామినీ పేరు: పార్వతి. సంబంధం: భార్య. వాటా: మొత్తం.

పాతికేళ్ళుగా పక్క టేబులు వాళ్ళ ఫారాలు నింపుతున్నాను. భార్య పోయినవాళ్ళను మూడు నెలల్లోపు మార్చుకోమని గుర్తు చేసేది నేనే. నాకు నాలుగు నెలలు దాటాయి. గుమాస్తా కొత్త ఫారం ఇచ్చి, పాతది పక్కన పెట్టాడు. పాతదాని మీద అడ్డగీత గీసి సంతకం చేయాల్సింది నేనే. ఇంకెవరూ చేయడానికి లేదు. కలం మూత తీశాను. మూత పెట్టేశాను.

కొత్త ఫారం ఇంటికి తెచ్చుకున్నాను. పేరు గడి ఖాళీ. రామాంజి పిల్లల పేర్లు రాయొచ్చు. ట్రస్టు పేరు రాయొచ్చు. అది రాస్తే ఆ గడిలో మళ్ళీ ఆమె పేరే వస్తుంది. గుమాస్తా ఒప్పుకుంటాడో లేదో... ఒప్పుకోకపోతే రంగనాథ్‌ను అడగాలి. ఒప్పుకున్నా, నేను ఆమెను విడిచిపెట్టడం లేదని నాకు నేనే చెప్పుకుంటున్నానేమో.

ఏదైనా, పాతదాని మీద గీత తప్పదు.

రేపు పొద్దున ఆఫీసు తలుపులు తీసేసరికి అక్కడుంటాను. ఫైలు అడిగి తీసుకుని, కిటికీ దగ్గర కూర్చుని, ఆ గీత నేనే గీస్తాను.