స్లో పాఠం పద్మే చెప్పాలి

జూన్ 3, మంగళవారం
పక్షవాతం తర్వాత మా ఆవిడ పద్మ మొదటిసారి యూనివర్సిటీ క్యాంపస్ దాకా నడిచింది. ఎడమ చెయ్యి నా భుజం మీద. కుడి చేతికి ఇంకా పట్టు రాలేదు. వాకింగ్ వాళ్లంతా మమ్మల్ని దాటుకుని పోతున్నారు. "నువ్వు... పో... ముందటికి" అంది. పోతానా ఏంటి, పిచ్చిది.

జూన్ 5
స్పీచ్ థెరపిస్టు మళ్లీ మందలించింది. "మాట మేడమే ఎతుక్కోవాలె సార్. మీరు అందియ్యొద్దు." సరేనన్నాను. ఇంటికొస్తూ తార్నాక సిగ్నల్ దాటకముందే రెండు మాటలు అందించాను. నా నోరు ఆగదు.

జూన్ 7
యూనివర్సిటీ నుంచి పద్మ డిపార్ట్‌మెంట్ హెడ్ మేడం ఫోన్. పదహారున ఫస్టియర్ పిల్లలకు ఒక ఇంగ్లిష్ క్లాసు చెప్పి చూపించాలట. చెప్పగలిగితే మళ్లీ పాఠాలు. లేకపోతే ఆఫీసులో కూర్చోవడమే... పద్మ విన్నది. కలిపిన అన్నం అలాగే వదిలేసింది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన మనిషి.

జూన్ 9
పాఠం తనే ఎంచుకుంది — స్లో. ఆ ఒక్క మాట మీదే క్లాసంతా. పిల్లలు నవ్వుతారేమో అన్నాను. "నవ్వనియ్."
డైనింగ్ టేబుల్ దగ్గర ఉదాహరణలు. స్లో బస్సు. ఐదు నిమిషాలు స్లోగా ఉన్న మా గోడ గడియారం. బేరాల్లేని దుకాణం — అదీ స్లోనే. పాఠం వెంటనే ఎక్కని పిల్లను కూడా స్లో అంటారు... అక్కడ ఆగింది. "చెప్త. కానీ... ఎవల్నీ... అట్ల... అనొద్దని... గూడ చెప్త."
అందించలేదు. నోరు బిగబట్టి కూర్చున్నాను.
"నీ మీద గూడ... ఒకటి... ఉన్నది."
"ఏంది?"
"చాయ్ తాగుడు... ఫాస్ట్. గిన్నెలు... కడుగుడు... స్లో."

జూన్ 15
ఆకుపచ్చ చీర ఇస్త్రీ చేశాను. రేపు కుచ్చిళ్లు కూడా నేనే పెట్టాలి. వంకరగానే వస్తాయి.

జూన్ 16, సోమవారం
వెనక బెంచీలో నేను, పక్కన హెడ్ మేడం. ఎడమ చేత్తో బోర్డు మీద స్లో అని రాసింది. ఇటు తిరిగింది. నోరు తెరిచింది. ఆ మాటే రాదు! ముందు బెంచీ అమ్మాయి అందించబోతే చెయ్యెత్తి ఆపింది. నావైపు చూసింది. నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.
"స్... లో."
ఆ తర్వాత గిన్నెల ఉదాహరణ. క్లాసంతా వెనక్కి తిరిగి నన్ను చూసి ఒకటే నవ్వు. పద్మ కూడా. ఎంత ముద్దొచ్చిందో.
హెడ్ మేడం నవ్వలేదు. "ఫోన్ చేస్తా" అని వెళ్లిపోయింది.

జూన్ 18
ఫోన్ మోగింది. హెడ్ మేడం. ఎప్పుడూ నేనే మాట్లాడతాను. ఇవాళ పద్మ చెయ్యి చాపింది. ఇచ్చేశాను.
"మేడం... నేను... పద్మను..."
అక్కడ ఉంటే నోరు ఊరుకోదు. వంటింట్లోకి వచ్చాను. గిన్నెలు కడుగుతున్నాను, పద్మ మాట వినబడేలా పంపు సన్నగా తిప్పి. అవతల ఏమంటున్నారో... పద్మ ఇంకా వింటోంది.