చీకట్లో ఉంచిన ప్లేటు

ఉమ్ ఘువైలినా, దోహా

జయక్కా,
దేవుని దయవల్ల నేనూ నీ మరిదీ బాగున్నాం. ఫోన్లో అయితే ఇద్దరం ఏడ్చి మాట పూర్తిచేయం. అందుకే ఈ కార్డు ఊరొస్తున్న డేనియల్ చేతికి ఇస్తున్నాను.

నువ్వడిగిన లైటు మందు సంగతి. మెదడు గడ్డలోని కణాలకు మందు పట్టించి ఎర్ర లైటు వేస్తే అవి చావాలి. లైటు పడనిచోట మందు ఏమీ చేయకూడదు. మా ల్యాబులో దాన్ని ఇంకా మెరుగుపరిచి మొన్న పరీక్షించాం. లైటు కింద ప్లేటులో కణాలన్నీ చచ్చాయి. ఆనందం పట్టలేక "స్తోత్రం!" అని అరిచేశాను. తరువాత అదే మందు పట్టించి చీకట్లో ఉంచిన ప్లేటు చూస్తే, అందులోవీ చచ్చాయి.

"మంచిదేగా మేడమ్?" అన్నాను.

మా పెద్ద డాక్టరు అరుంధతి గారు తల పట్టుకున్నారు. "లైటు లేకుండానే చంపేస్తే, పక్కనున్న మంచి కణాల్ని ఎలా కాపాడతాం ఎవా?"

మందే గట్టిదయిందో, మేమే ఎక్కడో పొరపాటు చేశామో ఆవిడకీ అంతుపట్టలేదు. సంతోషించాలో దిగులుపడాలో నాకు తోచడం లేదు.

ఈ మందు వచ్చేదాకా బావ తలలో గడ్డకి ఆపరేషన్ ఆపుదామన్నావు. వద్దక్కా. ఇది మనిషి దాకా ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. కాకినాడ డాక్టరు చెప్పిన రోజుకే వెళ్ళండి. పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచుతావు? అమ్మ కళ్ళజోడు మార్పించావా? డేనియల్ తిరిగొచ్చేటప్పుడు కాసిని ఎండు నెత్తళ్ళు పంపు, ఇక్కడి చేపలకు ఆ రుచి లేదు.

ప్రభువు మీ ఇంటిని కాచును గాక. ఏమని ప్రార్థించాలో తెలియక, రోజూ బావ పేరు ఒక్కటే పలికి ఆమెన్ అంటున్నాను.

నీ చెల్లి,
ఎవాంజెలిన్