అరగని ఎడమబూటు

మరిపెడ,
20 జూలై 1986, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు కొండల్‌కు అన్న మహిపాల్ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. నిరుడు ఘన్‌పూర్‌లో అవ్వ పోయాక, అందరం అంటే ఈ గదిలో నేనొక్కడినే. కాబట్టి నేను క్షేమం. భిలాయిలో నువ్వు, కమల, మీ అత్తమ్మ, పాప ఊర్మిళ బాగున్నారని తలుస్తాను.

మోకాలి నొప్పి ఎట్లా ఉందని అడిగావు. దవాఖానలో ఇచ్చిన మందుతో కొంచెం నయం. విజిల్ ఊదడానికి మోకాలు అక్కర్లేదు కనుక డ్రిల్ మాస్టర్ ఉద్యోగానికి ఢోకా లేదు. ఇక్కడ వాన పడి గ్రౌండంతా బురద. నాలుగు రోజుల నుంచి పిల్లలు బయటికి రావడం లేదు. అన్నిటికంటే ఆదివారాలే కష్టం. పొద్దున ఒక గ్లాసు బియ్యం వండుకుంటే రెండు పూటలు తిన్నా మిగులుతుంది. పక్కగది వాళ్లు ఊరికి పోతే ఆ రోజంతా నా గొంతు నాకే వినపడదు.

నీ ఉత్తరంలో సగం అర్జెంటీనా మారడోనా సంగతే. "కాలనీ టీవీ ముందు యాభై మందిమి కూసున్నం అన్నా. గా పొట్టోడు అంతమందిని దాటుకుంట పోయిండు, అంతా ఎడమకాలుతోనే" అని రాశావు. మా బడిలో టీవీ లేదు. పేపర్లో వచ్చిన ఫొటో కత్తిరించి నా రిజిస్టరులో అంటించాను. ఆ రిజిస్టరు నీకెప్పుడూ చూపించలేదు. దాంట్లో అందరూ ఎడమకాలితో ఫుట్‌బాల్ ఆడినవాళ్లే. హంగరీ పుష్కాష్ ఉన్నాడు. ఇటలీ రీవా ఉన్నాడు, రెండు కాళ్లూ చెరోసారి విరిగినా మళ్లీ వచ్చి ఆడిన మొండివాడు. డెబ్బైలో కప్పు గెలిచిన బ్రెజిల్ జట్టు నుంచి ఇద్దరిని అంటించాను, రివెలినో, జెర్సన్. పదకొండేళ్ల నుంచి అంటిస్తున్నాను. ఎందుకని అడగకు, ముందుకు చదువు.

ఇక పాప సంగతి. "ఊర్మిళ ప్రతిదానికీ ఎడమకాలే ముందట వెడ్తది. అత్తమ్మ గడప కాడ ఆపి, మళ్ల ఎనకకు పంపి, కుడికాలు వెట్టిపిస్తున్నది. బంతి గూడ ఎడమకాలుతోనే తంతది. నాకు నువ్వే మాన్పినవు గద అన్నా, ఎట్ల మాన్పినవో జర రాయి" అన్నావు. అది చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. రెండు వారాలు తిప్పుకొని ఇవాళ జవాబు రాస్తున్నాను.

అరవై తొమ్మిది నీకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ ఉద్యమంతో నా కాలేజీ, నీ బడి నెలల తరబడి మూతపడ్డాయి. మనం పొద్దంతా ఘన్‌పూర్ స్టేషన్ పక్కన కంకర మైదానంలోనే ఉండేవాళ్లం. నీకప్పుడు పదకొండేళ్లు. నువ్వు ఎడమకాలు ముందు పెట్టి ఇంట్లోకి రాగానే అవ్వ, "గదేం కాలురా, ఇంటికి అరిష్టం!" అని ఎనకకు పంపేది. బాపు చెంప మీద ఒకటి ఇచ్చేవాడు. రోజూ నువ్వు తన్నులు తినడం చూడలేక నేనే మాన్పిస్తానని బాపుకు మాటిచ్చాను.

ఆ రోజుల్లోనే బాపు వరంగల్ నుంచి నీకు తెల్ల క్యాన్వాస్ బూట్లు తెచ్చాడు. రెండో రోజుకే ఎడమది కనపడలేదు. కుక్క ఎత్తుకపోయిందని నేనే చెప్పాను. నువ్వు గల్లీ గల్లీ తిరిగి వెతికి ఏడ్చావు. "ఒక్కటుంటె ఏమాయె, బూటున్న కాలుతోనే కొట్టు" అన్నాను. కంకరలో ఉత్తకాలు మండుతుంటే మెల్లమెల్లగా నీ ఆట కుడికాలికి మారింది. బాపు నా వీపు తట్టాడు.

కుక్క ఏమీ ఎత్తుకపోలేదురా. బూటు నేనే అటక మీద పెట్టెలో దాచాను.

అక్కడితో అయిపోతే నవ్వుకుంటూ చెప్పేవాణ్ణి. డెబ్బై ఐదులో వరంగల్‌లో జిల్లా జట్టు ఎంపికకు పోయినం కదా. ఆటలో ఒకసారి బంతి నీ మీదికి దూసుకొస్తే నువ్వు ఆలోచించకుండా ఎడమకాలితో కొట్టావు. బంతి గోలు పైకొయ్యకు తగిలి మోగింది. నువ్వు నీళ్లు తాగడానికి పోగానే జట్టును ఎంచే సారు నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టర్, ఎడమ పక్క ఆడేటోడే మాకు కావాలె. అదొక్క జాగనే ఖాళీ ఉన్నది. మీ తమ్ముడు ఎడమకాలుతోని ఆడ్తడా?"

నేనేమన్నానో తెలుసా? "లేదు సార్, గదేదో పొరపాటున తాకింది. పక్కా కుడికాలే. నేనే మాన్పిన."

గర్వంగా చెప్పాను తమ్ముడూ. మంచి పని చేశానన్న గర్వం. ఆయన కాగితం మీద నీ పేరు కొట్టేసి పోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నువ్వు కిటికీ వైపు తిరిగి, "నేనేం తప్పు చేసిన అన్నా?" అని అడిగావు. "ఏం లేదు, వాళ్లకు కావాల్సినోళ్లను తీసుకున్నరు" అన్నాను. ఆ మరుసటి ఏడే నువ్వు భిలాయి పోయావు. మళ్లీ బంతి ముట్టలేదని కమల చెప్పింది. పుష్కాష్ ఫొటో నా రిజిస్టరులో మొదటిది. నువ్వు రైలెక్కిన రోజుకు ముందే అంటించాను. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఎట్లా మాన్పానో అడిగావు కదా, ఇదీ సంగతి. ఊర్మిళకు నువ్వట్లా చేయవద్దు. అత్తమ్మతో నా మాటగా చెప్పు, పాపను గడప దగ్గర ఆపవద్దని. కోపం వస్తే ఇక్కడికి వచ్చి నన్ను తిట్టు. నాలుగు రోజులుండి తిట్టు. ఈ గదిలో ఇంకొక మనిషి గొంతు విని చాలా రోజులైంది. పాపను కూడా తీసుకరా. ఏ కాలు ముందు పెట్టి వస్తే ఆ కాలికే నీళ్లిస్తాను.

అవ్వ పోయాక ఘన్‌పూర్ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ బూటు నా వెంట తెచ్చుకున్నాను. నిన్న ఉతికి సుద్ద రాశాను. రేపు పోస్టులో పార్సిలు చేస్తాను. ఇప్పుడు పాపకు పెద్దదవుతుంది, ఇంకో నాలుగేళ్లకు పట్టవచ్చు. కుడిది నువ్వు తొడిగి తొడిగి ఆ ఎండాకాలానికే చిరిగిపోయింది. ఇది పదిహేడేళ్లయినా అడుగు అరగలేదు.

ఇట్లు,
నిన్ను ఒంటికాలితో ఆడించిన
నీ అన్న,
మహిపాల్