ఎవరి మిఠాయీ వద్దనలేక

రత్నమణీ, జొన్నరొట్టెలు గంపలో ఉన్నాయి. బిడ్డను గులాబ్‌బీ ఇంట్లో వదిలాను, పని నుంచి రాగానే తెచ్చుకో. రొట్టె పాలలో నానబెట్టి పెట్టు, గట్టిది నమలలేదు.

రాత్రి నువ్వు అలిసి నిద్రపోయావు, అందుకే రాస్తున్నాను. నిన్న బిడ్డను చూపిస్తే ప్రొద్దుటూరు పళ్ళ డాక్టరు నన్నే తిట్టాడు. "ఏందమ్మా, పొద్దస్తమానం మిఠాయి చప్పరిస్తాంటే పళ్ళు పుచ్చిపోవా?" అన్నాడు. పాలపళ్ళే కదా, ఊడిపోతాయి కదా అన్నాను. పుచ్చు లోపలికి దిగితే కింద వచ్చే పన్ను కూడా చెడుతుందట.

నాకేమీ తోచడం లేదు. అవతలి పార్టీవాళ్ళు నా కొడుకు దేవపాలును చంపినప్పటి నుంచి మన పార్టీవాళ్ళు కేసు వదలొద్దని వస్తారు, ఆ పార్టీవాళ్ళు రాజీకి రమ్మని వస్తారు. ఇద్దరూ ముందు బిడ్డ చేతిలో మిఠాయి పెడతారు. వద్దంటే "తిననీలే అత్తా, నాయన లేని బిడ్డ" అని ఇద్దరిదీ ఒకటే మాట. ఒకరిది వద్దంటే రెండోవాళ్ళతో కలిశామంటారు. ఇద్దరిదీ వద్దని డాక్టరు పేరు చెబితే ఎవరు నమ్ముతారు? చాపాడు పోయి మా చెన్నయ్యన్నను అడిగి వస్తాను.

అంతవరకు ఎవరు ఇచ్చినా తీసుకో. దాచిపెట్టి, అన్నం తిన్నాక ఒక్క ముక్క ఇచ్చి నోరు పుక్కిలింపించు. తలుపు మాత్రం తీసి మాట్లాడు, వేసుకుంటే దానికీ అర్థం తీస్తారు. నువ్వూ తిను, ఊరికే పస్తులుండొద్దు.

నిన్న తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బిడ్డ అడిగింది, "అవ్వా, నా పన్ను ఎవురి మిఠాయికి పుచ్చింది?" అని. ఇద్దరూ కొనేది ఒకే అంగట్లో అని చెప్పాను.