అక్క ఇవ్వని మజ్జిగ

ఆదివారం, రాత్రి

తిరుత్తణి మండపంలో అక్క కూతురి నిశ్చితార్థం. ఎండకు అందరికీ మజ్జిగ పంచుతూ వచ్చిన అక్క, నా చక్రాల కుర్చీని మాత్రం దాటుకుని పోయింది. అడిగితే, "నీకొద్దులేరా, మళ్ళా ఆ ట్యూబు పెట్టుకోవాల గదా. పెళ్ళికొడుకోళ్ళు ఉండారు" అనింది.

వెన్ను దెబ్బతిన్నప్పటి నుంచి మూత్రాన్ని ట్యూబుతోనే బయటికి తీసుకుంటున్నాను. అందులో సిగ్గేముంది? నీళ్ళు బాగా తాగమన్నాడు డాక్టరు. పోయినసారి ఒక పెళ్ళిలోనూ ఇట్లాగే గొంతు తడపనివ్వలేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో పడిపోతే, దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది ఈ అక్కే!

ఈసారి రెండు గ్లాసులు నేనే పోసుకుని తాగాను. అందరికీ వినబడేలా అడిగాను, "బాత్రూం యాడుందక్కా?"

అక్క మేడమెట్ల పైకి చూపించింది.